కువైట్ దీనారు, కుప్పం బంగారం

1990 ఆగస్టు 2, గురువారం. కువైట్‌లో ఇంకా తెల్లవారలేదు. ఒక అరబ్బు ఇంట్లో, వంటగదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో పడుకున్న పనిమనిషి పెద్ద మోతకు ఉలిక్కిపడి లేచింది. ఉరుమేమో అనుకుంది. ఆగస్టు ఎండల్లో, ఆ ఎడారిలో ఉరుమేంది? కాసేపటికి యజమానురాలు పిల్లల్ని చంకనేసుకుని వచ్చింది. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి దిగిందని, తలుపులు తీయవద్దని చెప్పింది.

ఆ పనిమనిషిది పుంగనూరు దగ్గర పల్లె. వరసగా శెనక్కాయ పంట ఎండిపోయింది. ఇంటి మీద అప్పు కూర్చుంది. తల్లి కమ్మలు, గుండ్ల దండ మదనపల్లె బ్యాంకులో కుదవపెట్టి, ఆ డబ్బు ఏజెంటు చేతిలో పోసి వీసా తెచ్చుకుంది. కువైట్ చేరిన మూడో నెల నుంచి డ్రాఫ్టులు రావడం మొదలైంది. రిజిస్టరు పోస్టులో వచ్చిన డ్రాఫ్టును తల్లి కొంగున ముడేసుకుని బస్సెక్కి మదనపల్లె పోయేది. కొంత ఇంటికి, కొంత వడ్డీకి. కమ్మలు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

ఆమెకు నేను పేరు పెట్టడం లేదు. ఆ ఏడాది మదనపల్లె, పుంగనూరు, పీలేరు, రాయచోటి వైపు ఇళ్ళలో నడిచినదాన్ని ఒక అక్క మీద, ఒక తమ్ముడి మీద పెట్టి చెబుతున్నాను. ఆ ఇద్దరూ, వాళ్ళ తల్లీ కల్పన. వాళ్ళ చుట్టూ వచ్చే తేదీలు, అంకెలు, ప్రముఖుల పేర్లు యథార్థం.

తమ్ముడు కుప్పం పక్కన, గుడుపల్లె మండలంలోని చిగురుగుంట గనిలో పనిచేస్తున్నాడు. కోలారు బంగారు గనులున్న రాతి పొర దక్షిణంగా సాగి అక్కడిదాకా వస్తుంది. చిగురుగుంటలోనూ, రైల్వే స్టేషనున్న బిసానత్తం దగ్గరా కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ గనులు నడిపేది. ఆ వారం అతను సెలవు పెట్టి ఊరికొచ్చాడు.

"అక్క సంగతేమన్నా తెలిసిందా నాయనా?" అని తల్లి గడప దగ్గరే అడిగింది.

"రేడియోలో చెప్తా ఉండారుమా. మనోళ్ళనందర్నీ విమానాల్లో తోలకొస్తారంట."

"ఎప్పుడంట?"

అతను దానికి జవాబు చెప్పలేకపోయాడు. అప్పటికి కువైట్‌లో ఉన్న మన దేశస్థులు సుమారు లక్షా డెబ్బై వేల మంది. విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. మన వాళ్ళు బస్సుల్లో, లారీల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాలి, అక్కడి నుంచి అమ్మాన్ విమానాశ్రయానికి. ఎయిరిండియా ఆగస్టు 13 నుంచి 59 రోజుల పాటు, 488 సార్లు విమానాలు తిప్పింది. పౌర విమానాలతో అంతమందిని తరలించడం ప్రపంచంలో అంతకుముందు జరగలేదు.

అక్క కూడా ఆ దారినే వచ్చింది. సరిహద్దు గుడారాల్లో నీళ్ళ కోసం వరసలో నిలబడింది. గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్న దీనార్లు ఎవరికి చూపించినా అక్కర్లేదన్నారు. జూలైలో ఒక్కో దీనారుకు మూడు డాలర్ల పైన వచ్చేది. సైన్యం అడుగుపెట్టాక కువైట్ దీనారును ఇరాక్ దీనారుతో సమానమని ప్రకటించారు, ఆ తర్వాత దాన్ని చెలామణిలోంచే తీసేశారు. రెండేళ్ళ చాకిరీ నడుముకు కట్టి ఉంది. దానితో ఒక రొట్టె కూడా కొనలేని స్థితి.

ఈ ముడుపుకూ ఢిల్లీ ఖజానాకూ ఉన్న సంబంధం తెలిస్తేనే మిగతా కథ తెలుస్తుంది. మదనపల్లె బ్యాంకు తల్లి చేతికి ఇచ్చేది రూపాయలు. కూతురు అక్కడ కట్టిన డబ్బు డాలర్ల రూపంలో మన బ్యాంకుకు విదేశంలో జమ అవుతుంది. ఆ రోజుల్లో మారక నియంత్రణ గట్టిగా ఉండేది. వచ్చిన డాలరు చివరికి రిజర్వ్ బ్యాంకు చేతికి చేరాల్సిందే. పెట్రోలు, వంటనూనె, ఎరువు, మందులు కొనడానికి దేశం ఖర్చుపెట్టేది ఆ డాలర్లనే. ఖర్చు పోను మిగిలితే దాన్ని విదేశీ మారక నిల్వ అంటారు. పల్లెలో తల్లి వడ్డీ కట్టుకున్న ప్రతి నెలా దేశం సంచిలో కొన్ని డాలర్లు పడ్డాయి. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

యుద్ధం ఆ సంచిని రెండు వైపులా చించింది. ఒకవైపు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయింది. మరోవైపు ముడి చమురు ధర కొన్ని నెలల్లో రెట్టింపు దాటింది. 1990 ఆగస్టులో 310 కోట్ల డాలర్లున్న నిల్వలు చూస్తుండగానే కరిగాయి. 1991 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐ.ఎం.ఎఫ్.) దగ్గర 180 కోట్ల డాలర్లు తెచ్చినా ఆగలేదు. మార్చిలో చంద్రశేఖర్ ప్రభుత్వం రాజీనామా చేసింది. పూర్తి బడ్జెట్ లేదు. మే 21న రాజీవ్ గాంధీ హత్య. దేశానికి అప్పిచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇక్కడుంది. ఎక్కువ వడ్డీ ఆశ చూపి ప్రవాస భారతీయుల దగ్గర తీసుకున్న డిపాజిట్లు 1990 అక్టోబరు నుంచే బయటికి పోవడం మొదలైంది. 1991 ఏప్రిల్ - జూన్ మధ్య నెలకు 30 కోట్ల డాలర్ల చొప్పున తీసుకుపోయారు. వడ్డీ కోసం వచ్చిన డాలరు భయపడగానే వెళ్ళిపోయింది. పనిమనిషి పంపిన డాలరు అలా పోలేదు, పోవడం కుదరదు కూడా. అది ఇంటికి పంపిన డబ్బు. తిరిగి అడిగే హక్కు ఆమెకు లేదు, అడగాలన్న ఆలోచనా రాదు. మన ప్రభుత్వాలు మొదటి రకం డాలరుకు రాయితీల మీద రాయితీలిచ్చాయి. రెండో రకం డాలరు పంపే మనిషి అకామా (నివాస అనుమతి) కోసం, జీతం కోసం, పాస్‌పోర్టు వెనక్కి రావడం కోసం అక్కడ ఒంటరిగా ఏడ్చింది.

ఇక బంగారం.

1991 మే నాటికి ప్రభుత్వం దగ్గర మిగిలిన దారుల్లో అదొకటి. స్మగ్లర్ల నుంచి స్వాధీనం చేసుకున్న బంగారంలో 20 టన్నులు స్టేట్ బ్యాంకు ద్వారా, తిరిగి కొనుక్కునే షరతుతో, స్విట్జర్లాండ్ బ్యాంకుకు పంపారు. ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా ఎన్నికల ప్రచారంలో పాట్నాలో ఉండగా బంగారం కుదువ ఫైలు అక్కడికి వచ్చిందని ఆయనే తర్వాత రాశారు. జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. ప్రమాణ స్వీకారానికి ముందే కేబినెట్ సెక్రటరీ నరేశ్ చంద్ర ఆయనకు ఖజానా పరిస్థితి చెప్పారు. రెండు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా కష్టమే.

ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూస్తున్న జాయింట్ సెక్రటరీ మన సీమ మనిషి, కడప జిల్లా పాటూరులో పుట్టిన యాగా వేణుగోపాల్ (వై.వి.) రెడ్డి. బొంబాయిలో రిజర్వ్ బ్యాంకు గవర్నరు ఎస్. వెంకిటరమణన్, డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్. జూలై 1న రూపాయి విలువ తగ్గించారు. జూలై 3న మళ్ళీ తగ్గించాలి. ప్రధాని మనసు తటపటాయించింది, రెండో అడుగు ఆపమని కబురు పోయింది. రంగరాజన్‌కు ఆ ఫోను అందేసరికి నిర్ణయం వెలువడిపోయింది. మూడు రోజుల్లో డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి చేరింది.

ఆ మరుసటి రోజే, జూలై 4న, దక్షిణ బొంబాయిలోని రిజర్వ్ బ్యాంకు గిడ్డంగి నుంచి వ్యాన్లు బయల్దేరాయి. లోపల బంగారు కడ్డీలు, ముందూ వెనకా సాయుధులు. సహార్ విమానాశ్రయం దాకా నగరం పొడవునా పోవాలి. తర్వాత బయటికొచ్చిన కథనాల ప్రకారం దారిలో ఒక వ్యాను టైరు దెబ్బతిని ఆగిపోయింది. తుపాకులు పట్టుకున్నవాళ్ళు కిందికి దూకి వ్యాను చుట్టూ నిలబడ్డారు. రోడ్డు మీది జనానికి అందులో ఏముందో తెలియదు. జూలై 18 దాకా నాలుగు విడతల్లో 46.91 టన్నులు వెళ్ళాయి. వాటి మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ కలిసి ఇచ్చిన అప్పు 40.5 కోట్ల డాలర్లు. జూలై 8న విలేకరి శంకర్ అయ్యర్ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో ఈ సంగతి బయటపెట్టారు. జూలై 12న నిల్వలు 97.5 కోట్ల డాలర్లకు పడ్డాయి. అంతకన్నా కిందికి మళ్ళీ పోలేదు.

కుప్పంలో తమ్ముడు షిఫ్టు దిగి టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. పేపరు చదువుతున్న పెద్దాయన గట్టిగా అన్నాడు: "దేశమే బంగారం కుదవపెట్టిందంట రా!"

"ఎంతన్నా?"

"నలభై ఏడు టన్నులు."

అంగడి దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నలభై ఏడు టన్నులంటే ఏమిటో వాళ్ళకు తెలిసినంతగా ఢిల్లీలో తెలిసినవాళ్ళు తక్కువ. పంజరం లాంటి లిఫ్టులో నిలబడి పాతాళానికి దిగాలి. బండ తొలిచి మందు పెట్టి పేల్చాలి. రాతిదుమ్ము ఊపిరిలోకి పోతుంది. అట్లా పైకి తెచ్చిన టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది కొన్ని గ్రాములే. ఆ కాలంలో కోలారు బెల్టు గనులన్నీ కలిపినా ఏడాదికి రెండు టన్నుల లోపే తీస్తున్నాయి. ఇరవై ఏళ్ళ పైబడిన చాకిరీ రెండు వారాల్లో విమానమెక్కింది.

ఏ కడ్డీ ఏ గనిదో ఇప్పుడెవరూ చెప్పలేరు. అయినా ఈ గనులకూ ఆ నిల్వలకూ ఉన్న బంధం ఊహించి చెప్పేది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారులో దిగిన తర్వాత దశాబ్దాల పాటు ఈ బంగారం ఇంగ్లండుకు పోయింది. 1956లో మైసూరు రాష్ట్రం గనులను జాతీయం చేసింది. 1962లో కేంద్రం తీసుకుని, గనుల శాఖకు ఇవ్వకుండా నేరుగా ఆర్థిక శాఖ కింద పెట్టింది. ఎందుకంటే ఆ బంగారం దేశ నిల్వల కోసం. గనికి కట్టిన ధర మాత్రం ఔన్సుకు 35 డాలర్ల అంతర్జాతీయ అధికార లెక్క. మన బజారులో బంగారం దానికి దాదాపు రెట్టింపు పలుకుతున్న రోజులవి. పండిన దానికి సగం ధర కట్టి, తర్వాత గని నష్టాల్లో ఉందని అదే కాగితం మీద రాశారు. రిజర్వ్ బ్యాంకు సైతం తన దగ్గరి బంగారాన్ని 1990 అక్టోబరు దాకా 10 గ్రాములు 84 రూపాయల 39 పైసల లెక్కనే చూపింది. ఆ నెలలోనే దాన్ని బజారు ధరకు దగ్గరగా సవరించారు. చెన్నపట్నం అంగళ్ళలో అప్పటికే 10 గ్రాములు మూడు వేలు దాటిన సరుకు అది.

ఆ రాత్రి తమ్ముడు ఊరికి పోయాడు. అక్క అమ్మాన్ నుంచి వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. మల్బరీ ఆకు కోసే కూలికి పోతోంది.

"దేశానికి గూడా మన గతే పట్టిందక్కా" అన్నాడు.

"దేశం విడిపించుకుంటుందిలేరా. నా మాట చెప్పు. కువైట్ మళ్ళా తెరిచినారంట. పోతా."

"ఇంత జరిగినాక గూడానా?"

"అమ్మ కమ్మలు ఎవరు విడిపిస్తారు?"

ఆమె చెప్పినట్టే దేశం ఆ ఏడాది చివరికల్లా అప్పు తీర్చి బంగారం విడిపించుకుంది. కడ్డీలు మాత్రం ఇంటికి రాలేదు. మన పేరుతోనే లండన్‌లో ఉండిపోయాయి.

ఆమె తిరిగి కువైట్ వెళ్ళింది. అలాంటివాళ్ళు లక్షల్లో వెళ్ళారు. 1992లో విదేశాల నుంచి వచ్చేవాళ్ళు సుంకం కట్టి 5 కిలోల దాకా బంగారం తెచ్చుకోవచ్చన్నారు. 1993లో రూపాయికి ఒకే మారకపు రేటు పెట్టారు. అంతదాకా హుండీ వ్యాపారి ఎక్కువ ఇస్తాడని అటు పోయిన డబ్బు బ్యాంకు దారిలోకి వచ్చింది. 1990-91లో విదేశాల నుంచి ఇళ్ళకు వచ్చిన సొమ్ము 200 కోట్ల డాలర్ల చిల్లర. 1996-97కు అది 1,200 కోట్లు దాటింది. ఆరేళ్ళలో ఆరింతలు. సంస్కరణల కథ చెప్పేటప్పుడు లైసెన్సులు, కంపెనీలు, సాఫ్ట్‌వేర్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఈ ఆరింతల గురించి ఒక పేరా రాస్తే ఎక్కువ. నిల్వలు నిలబడిన మొదటి మెట్టు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

యుద్ధం తరిమేసినవాళ్ళకు ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం కూడా ఆ దశాబ్దం రెండో సగంలో అందింది. ఒంటరిగా తిరిగొచ్చిన మనిషికి 2,500 డాలర్లు, ఇంకే దావా వేయనని రాసిస్తే 4,000. ఇరాక్ చమురు అమ్మిన సొమ్ములోంచి అది వచ్చింది. అక్క వంతు డబ్బుతో తల్లి కమ్మలు ఇంటికొచ్చాయి. అప్పటికి తల్లి చెవులకు పెట్టుకునే వయసు దాటింది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతబడింది. కోలారుతో పాటు చిగురుగుంట, బిసానత్తం కూడా. నష్టాలు అన్నారు. ఒక తరం గని మనుషులు తెల్లవారుజాము రైళ్ళలో బెంగళూరుకు పోయి సెక్యూరిటీ గార్డులుగా, కూలీలుగా పనులు వెతుక్కున్నారు. కుప్పం స్టేషనులో ఆ గుంపులను నేటికీ చూడొచ్చు. మన తమ్ముడు రైలెక్కలేదు. అక్క ద్వారా వీసా తెప్పించుకుని నలభై ఏళ్ళ వయసులో కువైట్‌లో డ్రైవరుగా చేరాడు. భూమి లోపల నుంచి దేశానికి బంగారం తీసిన మనిషి ఇక దీనార్లు పంపడం మొదలుపెట్టాడు.

2003 డిసెంబరులో మన నిల్వలు మొదటిసారి 10,000 కోట్ల డాలర్లు దాటాయి. 1991 జూలైతో పోలిస్తే నూరింతలు. ఆ సెప్టెంబరులోనే గవర్నరు కుర్చీలో కూర్చున్న మనిషి వై.వి. రెడ్డి. బంగారం కుదవపెట్టిన రోజుల ఫైళ్ళు చూసిన కళ్ళే ఈ అంకెనూ చూశాయి. వచ్చిన డాలర్లను వచ్చినట్టు ఖర్చుకు వదలకుండా కూడబెట్టాలని ఆయన పట్టుబట్టారు. అంత నిల్వ దండగని, వడ్డీ తక్కువ వచ్చే అమెరికా బాండ్లలో పెట్టడం నష్టమని అప్పట్లో పెద్ద పెద్దవాళ్ళే వాదించారు. లెక్క ప్రకారం ఆ వాదనలో నిజముంది. 2008లో అమెరికా బ్యాంకులు కూలి మన దగ్గరి నుంచీ డాలర్లు వేగంగా బయటికి పోయినప్పుడు, ఎవరి దగ్గరా బంగారం కుదవపెట్టకుండా దేశం నిలబడింది.

2009 నవంబరులో ఏలూరు మనిషి దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉండగా రిజర్వ్ బ్యాంకు ఐ.ఎం.ఎఫ్. నుంచే 200 టన్నుల బంగారం కొన్నది. 670 కోట్ల డాలర్లు రొక్కంగా ఇచ్చింది. అప్పు కోసం వాళ్ళ గుమ్మంలో నిలబడ్డ పద్దెనిమిదేళ్ళకు వాళ్ళ బంగారమే మనం కొన్నాం. నేను ఆ వార్త చదివి సంతోషించాను, గర్వపడ్డాను. చిగురుగుంట గుర్తొచ్చి కోపం కూడా వచ్చింది. బయట ఔన్సుకు వెయ్యి డాలర్ల పైన పెట్టి బంగారం కొంటున్న దేశం, సగం ధర కట్టి చంపిన తన గనిని ఎనిమిదేళ్ళుగా నీళ్ళు నిండనిచ్చింది. తర్వాత చిగురుగుంట - బిసానత్తం బ్లాకును వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్.ఎం.డి.సి. దక్కించుకుంది. ఈసారైనా దిగే మనిషి ఊపిరితిత్తులకు, తీసిన సరుకు అసలు ధరకు లెక్క కట్టి మొదలుపెట్టాలి.

2024 సెప్టెంబరు నెలాఖరులో నిల్వలు 70 వేల కోట్ల డాలర్లు దాటాయి. 2025 మార్చికి రిజర్వ్ బ్యాంకు దగ్గర 879 టన్నుల బంగారం ఉంది, అందులో 511 టన్నులు దేశంలోనే. విదేశాల నుంచి ఇళ్ళకు డబ్బు పంపేవాళ్ళలో ఇప్పుడు ముందున్నది అమెరికాలోని మనవాళ్ళు. 2023-24 సర్వేలో అమెరికా వాటా నూటికి దాదాపు 28, కువైట్ వాటా 4 లోపే. అంకె చిన్నదైనా ఆ నాలుగు పాళ్ళ వెనకున్న మనుషులు ఎక్కువ, జీతాలు తక్కువ. మదనపల్లె బస్టాండులో పెట్టెలకు తాళ్ళు కట్టుకుని విమానాశ్రయం బస్సు కోసం కూర్చున్నవాళ్ళు వాళ్ళే.

2024 మే 31న ఒక శుభవార్త వచ్చింది. లండన్‌లో ఉన్న మన బంగారంలో 100 టన్నులు ఇంటికి చేరాయి. జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి కనీసం 45 మంది మనవాళ్ళు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. జూన్ 14, శుక్రవారం, వైమానిక దళ విమానం ఆ శవపేటికలతో కొచ్చిలో దిగింది. ప్రతి శుక్రవారం లాగే ఆ రోజూ రిజర్వ్ బ్యాంకు నిల్వల లెక్క విడుదల చేసింది: 65,581 కోట్ల డాలర్లు, అప్పటికి చరిత్రలో అదే గరిష్ఠం.